రాబిన్ ఓర్ అనే స్కాట్లాండ్ ఆర్గనిస్టు గురించి ఎవరికైనా తెలుసా? కుర్చీ ఎక్కితే పాట పోతుందా?

లేసు_దారం:

నమస్తే అండీ అందరికీ. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. చర్చిలో పద్నాలుగేళ్ల నుంచి కీబోర్డు వాయిస్తున్నాను, అంతకు ముందు అదే మూల మా నాన్నగారు కూర్చుని హార్మోణి వాయించేవారు. నొటేషన్ సగం వచ్చు, మిగతా సగం చెవి మీద లాగించేస్తాను. సొంతంగా ట్యూన్లు కట్టే పిచ్చి ఒకటుంది, క్రిస్మస్‌కి మావాళ్లు రెండు మూడు పాడతారు కూడా.

మా మేనత్త కొడుకు గ్లాస్గోలో చదువుతున్నాడు. వాడు ఆదివారం వెళ్లిన చర్చిలో ఆర్గన్ వాయిస్తుంటే ఫోన్‌లో రికార్డు చేసి పంపాడు. రాసినాయన రాబిన్ ఓర్ అంట, స్కాట్లాండ్ కీర్తనల ట్యూన్ల మీద ఆర్గన్‌కి మూడు ప్రెలూడ్లు, అంటే చిన్న చిన్న వాయింపు ముక్కలు, రాశాడంట, అందులో ఒకటి. వెనకాల ఎవరో దగ్గుతున్నారు, బల్ల జరిపిన చప్పుడు కూడా ఉంది, అయినా ఆ రాత్రి నాలుగుసార్లు విన్నాను. అక్కడ ప్రతి ముసలమ్మకీ నోటికొచ్చిన కీర్తన ట్యూనే తీసుకుని దాని చుట్టూ ఇల్లు కట్టినట్టు కట్టాడు. మన కీర్తనలతో నేను చెయ్యాలని ఎప్పట్నించో అనుకుంటూ చెయ్యలేకపోతున్నది సరిగ్గా అదే.

సరే ఎవరీయన అని వెతికితే తల తిరిగింది. కేంబ్రిడ్జిలో ఒక కాలేజీకి ఆర్గనిస్టు, తర్వాత గ్లాస్గోలో ప్రొఫెసర్, మళ్లీ కేంబ్రిడ్జికి వచ్చి ప్రొఫెసర్, అది చాలక స్కాటిష్ ఒపేరా అనే పాటల నాటకాల కంపెనీకి పద్నాలుగేళ్లు చైర్మన్. మూడు సింఫనీలు, మూడు ఒపేరాలు రాశాడట గానీ వాటి గురించి మాట్లాడుకునేవాళ్లే కనపడట్లేదు. పైగా ఆత్మకథకి ఆయన పెట్టుకున్న పేరు ‘మ్యూజికల్ చైర్స్’, అంటే మన కుర్చీలాట! తన మీద తనే వేసుకున్న జోకో, లోపల బాధో నాకు అంతుబట్టలేదు.

నేనెందుకు అడుగుతున్నానంటే, మా పెద్దలు నన్ను క్వయర్ ఇన్‌ఛార్జిగా ఉండమంటున్నారు. అంటే పిల్లలకి నేర్పడం, మైకు సెట్టు అతనితో తగువు, చందాలు, సోలో ఎవరమ్మాయి పాడాలన్న దగ్గర రెండు కుటుంబాల మధ్య నలిగిపోవడం. మా నాన్నగారిది ఒకటే మాట, కుర్చీ ఎక్కావా, నీ పాట అక్కడితో సరి అని. ఓర్ గారు కుర్చీల వల్లే మరుగున పడిపోయారా, లేక ఆ పాటే అంతంతమాత్రమా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాజమండ్రి_రేవు:

తమ్ముడూ, మంచి మనిషినే పట్టుకున్నావు. నాకు పియానో వచ్చు, ఆర్గన్ చదివి తెలుసుకున్నదే ఎక్కువ, అయినా ఈయన కథ మీద నాకు పాత ఇష్టం ఉంది కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

పూర్తి పేరు రాబర్ట్ కెమ్స్లీ ఓర్, రాబిన్ అనేది పిలుపు. 1909లో బ్రీకిన్ అనే ఊళ్లో పుట్టాడు, తూర్పు స్కాట్లాండ్‌లో చిన్న ఊరు, పాత కెథీడ్రలూ దానికి ఆనుకుని గుండ్రటి రాతి గోపురమూ ఉంటాయి. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చదివాక కేంబ్రిడ్జి పెంబ్రోక్ కాలేజీలో ఆర్గన్ స్కాలర్ అయ్యాడు. ఆర్గన్ స్కాలర్ అంటే డిగ్రీ చదువుతూనే కాలేజీ చాపెల్లో, అంటే కాలేజీ సొంత చర్చిలో, ఆర్గన్ వాయించే కుర్రాడన్నమాట, ఫీజుకి సాయం, చేతికి పని. తర్వాత ఒక స్కూల్లో సంగీతం మాస్టారు, లీడ్స్ యూనివర్సిటీలో చిన్న లెక్చరరు. ఈ మధ్యలోనే ఇటలీ వెళ్లి కసెల్లా అనే కంపోజరు దగ్గరా, పారిస్ వెళ్లి నాడియా బులాంజే దగ్గరా నేర్చుకున్నాడు. బులాంజే అంటే తెలుసుగా, అమెరికా కంపోజరు ఆరోన్ కోప్లండ్ లాంటివాళ్లని తయారుచేసిన గురువు. చర్చి ఆర్గనిస్టుగానే బతకాలనుకున్నవాడికి ఆ రెండు ప్రయాణాలూ అక్కర్లేదు. కాబట్టి మనిషికి మొదటి నుంచీ కంపోజరు అవ్వాలనే ఉంది, ఇది మర్చిపోకు.

1938లో సెయింట్ జాన్స్ కాలేజీ ఆర్గనిస్టు పని వచ్చింది, అప్పటికి వయసు 29. అక్కడ అంతకు ముందున్నది సిరిల్ రూథమ్. ఆయన మీద ఒక ముచ్చట ఉంది. 1902లో జోసెఫ్ లార్మర్ అని అదే కాలేజీ ఫిజిక్స్ పండితుడు, చాపెల్ గోపురం మీంచి పాడితే కింద ఎవరికీ వినపడదని వాదించాడట. రూథమ్ చెప్పాపెట్టకుండా ఆరోహణ దినం మధ్యాహ్నం క్వయర్‌ని గోపురం ఎక్కించి పాడించాడు, దాని ఎత్తు నూట అరవై అడుగుల పైమాటే. పండితుడు కిటికీ తెరిచి పైకి చూశాడు, వాదం అక్కడితో తేలిపోయింది. అప్పట్నించీ ఏటా ఆ రోజున పాడటం ఆచారం అయిపోయింది. అలాంటి పద్ధతులన్నీ ఓర్ నెత్తిన పడ్డాయి: చిన్న మగపిల్లలకి రోజూ ప్రాక్టీసు, సాయంత్రం ఆరాధనలు, పెద్ద గొంతుల స్టూడెంట్లు పరీక్షలని ఎగ్గొడితే సర్దుకోవడం. నువ్వు చెప్పిన ఇన్‌ఛార్జి పనే, కాకపోతే గౌను వేసుకుని.

మూడేళ్లకే యుద్ధం మింగేసింది. 1941లో వైమానిక దళంలో చేరి ఫొటో ఇంటెలిజెన్స్‌లో పనిచేశాడు. అంటే విమానాల్లోంచి తీసిన ఫొటోలు చూసి కింద ఏముందో పసిగట్టడం. ఆయన లేనప్పుడు ఆ ఆర్గన్ బల్ల మీద కూర్చున్నదెవరనుకున్నావ్? హెర్బర్ట్ హవెల్స్, ఇంగ్లండ్‌లో పేరున్న కంపోజరు. అప్పటికి హవెల్స్ తొమ్మిదేళ్ల కొడుకుని పోగొట్టుకుని ఉన్నాడు, లోపల చాలా కుంగిపోయి ఉన్నాడు. రోజూ చాపెల్లో వాయించడం మొదలెట్టాక చర్చి సంగీతం మీదకి మళ్లీ గాలి తిరిగింది. అదే ఊళ్లో కింగ్స్ కాలేజీ డీన్ టీ దగ్గర ఒక గిన్నీ (అప్పటి ఇంగ్లీషు డబ్బు) పందెం కాస్తే దాంతో మొదలై, వాళ్ల కోసం రాసిన ‘కొలీజియం రెగాలే’ అనే ఆరాధన పాటలు ఈరోజుకీ ఇంగ్లండ్ కెథీడ్రల్స్‌లో పాడుతూనే ఉంటారు. 1945లో ఓర్ తిరిగొచ్చాడు. ఖాళీ చేసి వెళ్లిన కుర్చీలో ఇంకొకాయన కూర్చుని చిరకాలం నిలిచే సంగీతం రాసేశాడు, నువ్వొచ్చి మళ్లీ పిల్లలకి స్కేళ్లు చెప్పుకోవాలి. నేనైతే రెండు రోజులు అన్నం తినను.

1951లో ఆ పని వదిలేసి తన దగ్గర ఆర్గన్ స్టూడెంటుగా ఉన్న జార్జ్ గెస్ట్ అనే వెల్ష్ కుర్రాణ్ణి తన చోట కూర్చోబెట్టించాడు. ఆ కుర్రాడు అక్కడ 1991 దాకా, నలభై ఏళ్లు ఉన్నాడు, సెయింట్ జాన్స్ క్వయర్‌కి ప్రపంచమంతా పేరు తెచ్చింది ఆయనే. 1950ల మధ్యలో ఆ కాలేజీవాళ్లు ఖర్చని క్వయర్ పిల్లల స్కూలు మూసేద్దామనుకుంటే వాన్ విలియమ్స్ లాంటి పెద్ద కంపోజరు స్కూలు ఎలాగైనా నిలబెట్టండని టెలిగ్రాం కొట్టాడు, స్కూలు నిలబడింది.

ఇక ఓర్ 1956లో గ్లాస్గోలో ప్రొఫెసరు, 1965 నుంచి 1976 దాకా కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు. 1962లో అలెగ్జాండర్ గిబ్సన్ స్కాటిష్ ఒపేరా మొదలెడితే దానికి మొట్టమొదటి చైర్మన్ ఈయనే. ఎడింబరో పండక్కి ఏటా బయటి కంపెనీలు వచ్చి ఒపేరాలు వేసి పోయేవి గానీ, ఆ దేశానికంటూ పూర్తి స్థాయి కంపెనీ లేదు. మొదటి సీజన్‌లో వేసినవి రెండే, పుచ్చీని ‘మదామా బటర్‌ఫ్లై’, దబుస్సీ ‘పెలియాస్’. ఒకటి జనం కోసం, ఇంకోటి పంతం కోసం. 1975కల్లా గ్లాస్గోలో పాత థియేటర్ రాయల్‌ని, అప్పటికది టీవీ స్టూడియోగా మారిపోయి ఉంది, కొని బాగుచేయించి సొంత ఇల్లు చేసుకున్నారు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు ఈయన ఉద్యోగం కేంబ్రిడ్జిలో, కంపెనీ గ్లాస్గోలో, మధ్యలో ఐదొందల కిలోమీటర్ల పైన. కేంబ్రిడ్జిలో మ్యూజిక్ డిపార్టుమెంటుకి వెస్ట్ రోడ్డులో హాలు, భవనం రావడం వెనక కూడా ఆయన చెయ్యి ఉంది.

మరి రాసిందెప్పుడంటావా, ఈ సందుల్లోనే. నా లెక్కలో రాసింది తక్కువేం కాదు.

పాలకొల్లు_లెగ్గుహార్మోణి:

రేవు గారు బాగా చెప్పారు గానీ నేనొప్పుకోనండి.

ముప్పై ఏళ్లు పద్య నాటకాలకి హార్మోణి వాయించాను, కాళ్లతో తొక్కేది, లెగ్గు హార్మోణి. రాత్రి పది నుంచి తెల్లారేదాకా. నటుడు నాలుగున్నర శృతి అని వచ్చి మూడో సీనుకల్లా గొంతు దిగిపోతే శృతి మార్చి కాసుకోవాల్సింది మేమే. మా దగ్గర మహానుభావులు ఉండేవాళ్లు, ఒక్క ఆలాపనతో జనాన్ని కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లలో ఇద్దరు నాటక సమాజానికి సెక్రటరీలయ్యారు, అంతే, తర్వాత పెట్టె మీద చెయ్యి పెట్టిన పాపాన పోలేదు. రసీదు పుస్తకాలు, లైటింగువాడి బాకీ, లారీ కిరాయి. వేళ్లు బిరుసెక్కిపోయాయి. వాయిద్యం అనేది గేదె లాంటిది బాబూ, ఒక పూట మేత తప్పితే పాలు ఎగ్గొడుతుంది.

ఇంకోటి, నేనూ కాస్త వెతికాను మా మనవడి చేత. ఈయన ఒపేరాలు మూడింట్లో మొదటి రెండూ, 1968లో ఒకటీ 1975లో ఒకటీ, వేసింది స్కాటిష్ ఒపేరానే కదా? ఆ రెండు సార్లూ చైర్మన్ ఆయనే కదా? మన దగ్గర సమాజం ప్రెసిడెంటు గారు కిరీటం పెట్టుకుని కృష్ణుడి వేషం కట్టినట్టు లేదూ? ఆయ్, తప్పుగా అనుకోకండి, అడుగుతున్నానంతే.

రాజమండ్రి_రేవు:

బాబాయ్ గారూ, ఆ వెటకారం ఆయన బతికుండగానే ఎవరో ఒకరు అనే ఉంటారు లెండి. కానీ ప్రెసిడెంటు గారు వేషం బాగా కడితేనో?

మొదటిది ‘ఫుల్ సర్కిల్’, ఒకే అంకం, 1930ల మాంద్యంలో క్లైడ్ నది ఒడ్డున ఓడల పని పోయి రోడ్డున పడ్డ మనిషి కథ. మాటలు రాసింది సిడ్నీ గుడ్సర్ స్మిత్ అనే కవి, అదీ బడి ఇంగ్లీషులో కాదు, అక్కడి జనం మాట్లాడే స్కాట్స్‌లో. ఒపేరా అంటే ఇటలీ రాకుమారులూ వియన్నా దొరలూ అనుకునే రోజుల్లో గ్లాస్గో వీధి భాషని ఆ స్టేజి ఎక్కించాడు. గోదారి యాసలో ఒక సీరియస్ నాటకం వేస్తే, అదీ నవ్వించడానికి కాకుండా, ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండోది ‘హెర్మిస్టన్’, స్టీవెన్సన్ 1894లో చనిపోతూ సగంలో వదిలేసిన నవల మీద. ఉరిశిక్షలు వేసే జడ్జి తండ్రి, ఆ తండ్రిని సహించలేని కొడుకు. మూడోది ‘ఆన్ ది ర్యాజిల్’, 1988, అప్పటికి ఆయనకి 79 ఏళ్లు. డెబ్భై తొమ్మిదేళ్లకి కామెడీ ఒపేరా! అప్పటికి చైర్మన్ గిరీ వదిలి పన్నెండేళ్లయింది, కాబట్టి బాబాయ్ గారి కేసు మూడోదానికి నిలవదు.

మీ ఇద్దరు సెక్రటరీల సంగతి మాత్రం నేను కాదనలేను, అలాంటివాళ్లని నేనూ చూశాను.

లాకులదగ్గర:

సంగీతం నాకు తెలియదు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను, కాలువలు, లాకులు, తూములు, అదే బతుకు. కానీ మొన్న మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు ఒక చర్చిలో ఆర్గన్ లోపలికి తీసుకెళ్లి చూపించారు. బయటకొచ్చి మా అల్లుడితో అన్నాను, ఇది వాయిద్యం కాదురా, పశ్చిమ డెల్టా అని.

నవ్వకండి, చెప్తాను. హార్మోణిలో లోపల తిత్తి ఉన్నా అందులో పట్టే గాలి కొంచెమే, తొక్కే కాలు తడబడితే పాట కూడా తడబడుతుంది. ఆర్గన్‌లో అలా కాదు. గాలిని ముందు ఒక పెద్ద తిత్తిలోకి ఎక్కిస్తారు, దాని మీద బరువులు పెట్టి ఉంటాయి, ఎంత వాడినా ఒత్తిడి ఒకేలా ఉండేటట్టు. అంటే ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి నీటి మట్టం నిలబెట్టినట్టే. 1852లో కాటన్ దొర పని పూర్తి చేసేదాకా గోదారి వచ్చినప్పుడు ముంచేది, రానప్పుడు ఎండేది. మట్టం నిలబడితేనే కదా కాలువకి నమ్మకంగా నీళ్లు వదలగలిగేది. అక్కణ్ణించి గాలి గొట్టాల కింద ఉన్న పెట్టెల్లోకి వస్తుంది. మెట్టు నొక్కితే ఆ గొట్టం కింద చిన్న తలుపు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది, అచ్చం మా తూము షట్టరు. స్టాపు అని పక్కన లాగే గుబ్బలుంటాయి, అవి ఏ వరస గొట్టాలకి గాలి ఇవ్వాలో చెప్తాయి, అంటే ఏ కాలువకి ఈ వంతు అని. అన్నిటికన్నా నాకు మతిపోయింది ఇంకోటి, ఆ గాలి ఒత్తిడిని వాళ్లు కొలిచేది నీళ్లతో! వంచిన గాజు గొట్టంలో నీళ్లు పోసి ఎన్ని అంగుళాలు లేచాయో చూస్తారు. మామూలుగా మూడు నాలుగు అంగుళాలు, అంతే. అంత చిన్న ఒత్తిడితో పదహారు అడుగుల గొట్టం మోగుతుంటే నా కాలి కింద చెక్క అదిరింది.

ఇంకా షట్టరు సరిగా మూసుకోకపోతే నీళ్లు కారినట్టు, తలుపు ఇరుక్కుంటే ఆ స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుందట. దేవుడి ప్రార్థన మధ్యలో అలా అయితే ఏం చేస్తారని అడిగాను. పరిగెడతాం అన్నాడు అక్కడి అబ్బాయి.

తమ్ముడి ప్రశ్నకి వస్తే. నీళ్లు ఎవరి చేలో పండితే వాళ్ల పంట అంటారు, లాకు తిప్పిన లస్కరు పేరు ఎవరికీ గుర్తుండదు. అలాగని ఆ లస్కరుకి సొంత చేను ఉండకూడదని రూలు లేదు, మా దగ్గర చాలామందికి ఉండేది, సాయంత్రం పూట దున్నుకునేవాళ్లు. ఆ చేను మీద బతకగలిగేవాళ్లా అంటే, లేదు.

లేసు_దారం:

లాకుల గారూ, చేతులెత్తి దండం. కీబోర్డులో ఆర్గన్ టోను పెట్టి వాయిస్తున్నా ఇన్నాళ్లూ లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఇప్పుడర్థమైంది నాకు ఎందుకు తేడా కొడుతోందో. పియానోలో స్వరం కొట్టగానే తగ్గిపోవడం మొదలవుతుంది, ఆర్గన్‌లో మెట్టు వదిలేదాకా అదే బలంతో ఉంటుంది, కాబట్టి ఎప్పుడు నొక్కాలన్నదాని కన్నా ఎప్పుడు వదలాలన్నది పెద్ద పని. ఆ రికార్డింగులో నన్ను పట్టుకున్నది ఆ వదలడమే అనుకుంటున్నా.

బాబాయ్ గారి గేదె మాట మా నాన్నగారికి చదివి వినిపించాను. మీ ఫోన్ నంబరు అడుగుతున్నారు.

పెదలంక_అబ్బాయి:

నేను వేరే కోణం చెప్తా. మాది బ్రదరెన్ సంఘం, మీకందరికీ తెలుసుగా, 1836లో బౌడెన్, బీర్ అని ఇద్దరు మిషనరీలు కుటుంబాలతో ఇండియా వచ్చి, మన నరసాపురం వైపు మొదలెట్టిన వరస. మా ఊళ్లో చాలాకాలం వాయిద్యాలే లేవు. హార్మోణి పెట్టాలా వద్దా అన్న గొడవ మా తాతయ్య చెప్పేవారు, ఆ ఏడు సగం మంది సంస్కార కూడికకి రాలేదట. ఇప్పుడు డ్రమ్ పాడ్ దగ్గర అదే గొడవ.

ఈ స్కాట్లాండ్ వాళ్ల కథ చదివితే అచ్చం మా సంఘం మీటింగే. 1560లో అక్కడ ప్రొటెస్టెంట్ సంస్కరణ వచ్చాక ఆర్గన్లు చర్చిల్లోంచి పీకేశారు. అంతకు ముందు పొడి నేలేం కాదు, స్కోన్ మఠంలో రాబర్ట్ కార్వర్ అనే ఆయన పంతొమ్మిది గొంతులకి విడివిడిగా ఒకే పాట రాశాడు, పంతొమ్మిది! అలాంటి చోట తర్వాత మిగిలింది కీర్తనలు, అదీ గొంతుతోనే. ముందు నిలబడ్డ ఒకాయన ఒక పాదం అందిస్తాడు, సభ అంతా దాన్ని సాగదీసి పాడుతుంది, మళ్లీ ఇంకో పాదం. పుస్తకాలు లేనివాళ్లూ చదువు రానివాళ్లూ పాడాలి కదా. మన ఊళ్లల్లో పాడించేవిధానం ఇదే కదండీ! లూయిస్ దీవిలో గేలిక్ భాషలో ఇప్పటికీ అలాగే పాడతారు, వినండి ఒకసారి, సముద్రం పోటెత్తినట్టుంటుంది.

ఆర్గన్‌ని వాళ్లు ఈలల పెట్టె అని వెక్కిరించేవాళ్లు. 1807లో గ్లాస్గోలో సెయింట్ ఆండ్రూస్ చర్చిలో ఒక పాస్టరు ధైర్యం చేసి ఆరాధనలో వాయింపిస్తే పైవాళ్లు నిషేధించారు. 1860ల్లో ఎడింబరో గ్రేఫ్రయర్స్‌లో రాబర్ట్ లీ అనే ఆయన ముందు హార్మోణి పెట్టి, దాని వెనకాలే ఆర్గన్ తెచ్చాడు, అప్పుడు గానీ తలుపు తెరుచుకోలేదు. చూశారా, అక్కడ కూడా హార్మోణినే ముందు పంపించారు, పెళ్లిచూపులకి పెద్దమనిషిని పంపినట్టు.

కాబట్టి 1909లో పుట్టిన ఓర్ నాటికి స్కాట్లాండ్ చర్చిల్లో ఆర్గన్ వయసు యాభై ఏళ్లు కూడా లేదు, ఇంగ్లండ్‌లో లాగా వందల ఏళ్ల వరస లేదు. ఆయన కేంబ్రిడ్జి పోయింది దీనికే అని నా అనుమానం. అంత దూరం పోయి కూడా ఆర్గన్ కోసం రాసేటప్పుడు మళ్లీ ఆ వాయిద్యం లేని ముసలమ్మల కీర్తనల ట్యూన్లే తీసుకోవడం నాకు నచ్చింది. ఈలల పెట్టెలో కీర్తన పెట్టాడు.

పాలకొల్లు_లెగ్గుహార్మోణి:

నిషేధం మాట వచ్చింది కాబట్టి ఒకటి. మన రేడియోలో కూడా 1940 నుంచి 1971 దాకా హార్మోణిని రానివ్వలేదు, ముప్పై ఏళ్ల పైన. గమకం పలకదు, శృతి మనది కాదు అని. అందులో నిజం లేకపోలేదు, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్నది ఆ పెట్టెలో పలకదు. అయినా ఊళ్లో నాటకం ఆగిందా? మా గురువుగారు అనేవారు, రేడియోలోకి రానివ్వకపోతే రచ్చబండ మీద ఇంకా గట్టిగా తొక్కుదాం అని.

నాన్నగారు నా నంబరు అడుగుతున్నారన్నావు కదా, విడిగా పంపాను బాబూ.

రాజమండ్రి_రేవు:

ఇంకొక్క మాట చెప్పి ఊరుకుంటా. లేసు తమ్ముడు హవెల్స్‌తో పోల్చుకుని దిగులు పడకుండా, ఇప్పుడు బతికున్న స్కాట్లాండ్ కంపోజర్లలో అందరికన్నా పేరున్న జేమ్స్ మాక్‌మిలన్ సంగతి చూడు. 1959లో కిల్‌వినింగ్‌లో పుట్టాడు, ప్రపంచంలో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు వాయిస్తాయి ఆయన రాసింది. అంతటివాడు గ్లాస్గోలో మేరీహిల్ అనే పేటలో తన చర్చి క్వయర్‌ని ఏళ్ల తరబడి నడిపాడు, మామూలు జనం, వాళ్ల కోసం ఆదివారం ఆదివారానికి కీర్తనలకి ట్యూన్లు కట్టాడు. చర్చికి వచ్చినవాళ్లంతా ఒకసారి విని అందుకోగలిగేంత తేలిగ్గా ఉండాలి, అదే సమయంలో మరీ చప్పగా ఉండకూడదు. అదెంత కష్టమో క్వయర్ నడిపినవాడికే తెలుసు.

ఓర్ విషయంలో నా తీర్పు ఇది, ఒప్పుకోకపోయినా పర్లేదు. కుర్చీలు ఆయన టైము తిన్నాయి, అది నిజం. కానీ ఆయన గొంతు కూడా పెద్దగా అరిచే రకం కాదు, పొదుపుగా, పొడిగా, ఒక స్వరం ఎక్కువ వాడకుండా రాసే మనిషి. ఒక సింఫనీ ఒకే భాగంలో ముగించేశాడు, మిగతావాళ్లు నాలుగు భాగాలు సాగదీసేచోట. అలాంటి సంగీతం చప్పట్ల దగ్గర ఎప్పుడూ ఓడిపోతుంది. కుర్చీలేవీ లేకపోయినా హవెల్స్ అంత పేరు వచ్చేది కాదేమో. 2006లో, 96 ఏళ్లకి, కేంబ్రిడ్జిలోనే పోయాడు. 125వ కీర్తన మాటలకి ఆయన రాసిన క్వయర్ పాట కూడా ఒకటుంది, నమ్మినవాళ్లు సీయోను కొండలాంటివాళ్లు అనేది. దొరికితే మీ బావ చేత నోట్సు తెప్పించుకో.

లేసు_దారం:

అందరికీ థాంక్సండీ. రాత్రి నాన్నగారూ హార్మోణి బాబాయ్ గారూ ఫోన్‌లో గంటన్నర మాట్లాడుకున్నారు, మధ్యలో పద్యాలు కూడా అయ్యాయి. ఫోన్ పెట్టేసి, ఇన్‌ఛార్జి కావాలంటే తీసుకో గానీ చందాల పుస్తకం మాత్రం ముట్టుకోకు అన్నారు. పెద్దలతో అదే చెప్పాను, పిల్లలకి నేర్పుతాను, లెక్కలు వేరేవాళ్లు చూడాలి అని. ఇంకా తేల్చలేదు వాళ్లు.

అటక మీంచి పాత హార్మోణి దింపించాను. మా ఊరి ఉప్పు గాలికి రీడ్లు పచ్చగా చిలుం పట్టాయి, మంద్రంలో పంచమం అసలు పలకట్లేదు, పైన ఒక మెట్టు నొక్కి వదిలినా ఊరుకోవట్లేదు. లాకుల గారూ, షట్టరు ఇరుక్కుందండీ. పాలకొల్లులో రీడ్లు గీకి శృతి చేసేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా, బాబాయ్ గారూ?

పాలకొల్లు_లెగ్గుహార్మోణి:

ఉన్నాడు ఒకడు. గురువారం పట్టుకురా. తిత్తి చిరగకుండా గోనెలో చుట్టి తీసుకురా.